గట్టు మీద రోడ్డింజను

నెమ్మదిగా నడిచేదాన్ని చూసి మనిషి భయపడడు. లారీ వస్తూంటే పిల్లవాణ్ణి చెయ్యిపట్టుకుని లాగుతాం. బస్సు హారను వినబడితే మనమే తప్పుకుంటాం. రోడ్డింజను వస్తూంటే మాత్రం నిలబడి చూస్తాం. అది మన దగ్గరకు వచ్చేలోగా ఒక చుట్ట కాల్చుకోవచ్చునని మన ధీమా. బద్ధకంగా నడిచేవాణ్ణి “ఏమిరా ఆ రోడ్డింజను నడక!” అని ఎగతాళి చేస్తాం గాని, ఆ యంత్రానికి దక్కవలసిన మర్యాద ఏదో వుందని మనకు తోచదు.

ఆ మర్యాద ఏమిటో నాకు తెలియజెప్పినవారు ఒక రోడ్డింజను డ్రైవరుగారు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నాకూ, పదకొండు టన్నుల ఇనుముకూ స్నేహం ఎలా కుదిరిందంటారా? అది మా ప్రిన్సిపాలుగారి పుణ్యం.

మా కాలేజీ వెనకగోడకు ఆనుకొన్నట్టే ఊరి చెరువుకట్ట వుంది. 2023 సంక్రాంతి వెళ్ళగానే కట్టమీది రోడ్డును వెడల్పు చేసే పని మొదలయింది. కట్ట బయటివైపున రెండు నిలువుల లోతునుంచీ మట్టి పోసుకుంటూ, తొక్కించుకుంటూ పైకి రావాలి. మొదటి వారంలోనే, నేను రెండవ సంవత్సరం వాళ్ళకు ప్రబంధం చెబుతూంటే కిటికీ అద్దాలు తాళం వెయ్యసాగాయి. నా పాఠంకంటె ఆ తాళమే బాగుందని పిల్లల ముఖాలు చెప్పాయి. ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, “మీరు వెళ్ళి వాళ్ళతో మాట్లాడి రండి” అన్నారు. మా కాలేజీలో ఏ శాఖకూ చెందని పని ఏదైనా వచ్చిందంటే అది తెలుగు శాఖకు చెందుతుంది. ఇది వ్రాతలో లేని నియమం.

నేను వెళ్ళేసరికి యంత్రం కట్ట కింద నడుస్తోంది. నన్ను చూడగానే డ్రైవరు దాన్ని నిలిపి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని మరీ దిగారు. దిగడంకూడా ఒక తీరు. యంత్రంకేసి ముఖం పెట్టి, రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, ఒక కాలు ఆనిన తరువాతనే రెండవ కాలు తీస్తూ, నిచ్చెన దిగినట్టు దిగారు. యాభై అయిదేళ్ళుంటాయి. బక్కమనిషి. కళ్ళజోడుకు వెనక తాడు కట్టుకున్నారు. కాళ్ళకు మాత్రం ఆ శరీరానికి పొంతనలేని బరువైన బూట్లు.

“అద్దాలు అదురుతున్నాయని వచ్చారా, మాస్టారూ?”

“మీకెలా తెలుసు?”

“మీ ప్రహరీగోడ దాకా నిన్ననే అడుగులు కొలిచానండి. గోడకు పాత బీట ఒకటి వుంది. రేపటినుంచి ఈ మేరలో అదురు ఆపేసి వట్టి బరువుతోనే తొక్కిస్తాను. నాలుగు తిరుగుళ్ళు తిరిగేచోట ఎనిమిది తిరగాలి, అంతే. డీజిలు లెక్క నేను చెప్పుకుంటాను లెండి.”

నేను దారిపొడుగునా కూర్చుకుని వెళ్ళిన వాక్యాలన్నీ వృథా అయిపోయాయి. వచ్చిన పని అయిపోయినా వెంటనే తిరిగివెళ్ళడం బాగుండదని, ఆ అదురు సంగతేమిటో అడిగాను. మన చిన్నప్పుడు చూసిన మూడు చక్రాల రోడ్డింజను వట్టి బరువు. ఎనిమిది, పది టన్నుల ఇనుము నేలమీద దొర్లేది. ఇప్పటి యంత్రం ముందువైపు గుండులోపల ఇరుసుకు ఒక పక్కగా బరువు అమర్చి వుంటుంది. మీట నొక్కితే అది సెకనుకు సుమారు ముప్ఫైసార్లు గిర్రున తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ గుండు నేలను కొడుతుంది. ఆ దెబ్బకు మట్టిరేణువులు ఒకదాని సందులో ఒకటి సర్దుకుంటాయి. పాతగోడలు, నూతులు, నేలలో పూడ్చిన నీటిగొట్టాలు దగ్గరలో వుంటే ఆ దెబ్బ వాటికీ తగులుతుంది. యంత్రం నిలబడి వుండగా అదురు పెడితే కింద గొయ్యి పడుతుంది. గట్టిపడిన నేలమీద పెడితే గుండు ఎగిరెగిరి పడుతుంది. “మీట ఎప్పుడు వెయ్యాలో నేర్పడానికి మా గురువుగారికి ఒక్కరోజు పట్టిందండి. ఎప్పుడు వెయ్యకూడదో నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది” అన్నారాయన.

ఆనాటినుంచి సాయంకాలం నా షికారు కట్టవైపుకే మళ్ళింది.

మట్టిని తొక్కించడం అంటే నేను బరువు సంగతే అనుకున్నాను. అసలు సంగతి నీళ్ళట. మట్టి మరీ పొడిగా వుంటే రేణువులు కదలవు. మరీ తడిగా వుంటే సందుల్లో నీళ్ళే నిలిచి, మట్టి మెత్తగా పక్కకు జారుతుంది. ఈ రెంటికీ నడుమ ఒక పదును వుంది. సేద్యగాడికి దుక్కిపదును ఎలాగో కట్టపనివాడికి ఈ పదును అలాగ. ఈ సంగతిని లెక్కకు కట్టినవాడు అమెరికాలో లాస్ ఏంజెలిస్ నీటి సరఫరా శాఖలో పనిచేసిన రాల్ఫ్ ప్రాక్టర్ అనే ఇంజనీరు. 1933లో అచ్చువేసిన వ్యాసాల్లో ఆయన చెప్పిన పరీక్షనే ప్రపంచమంతా కొద్దిమార్పులతో ఇప్పటికీ చేస్తున్నారు. మన భారతీయ ప్రమాణం ప్రకారం 2.6 కిలోల చిన్న రోకలిని 310 మిల్లీమీటర్ల ఎత్తునుంచి వదిలి, డబ్బాలో మూడు పొరలుగా వేసిన మట్టిని పొరకు 25 దెబ్బల చొప్పున కొడతారు. ఎంత తడిదగ్గర మట్టి బాగా దట్టిస్తుందో దానితో తేలుతుంది. మరింత బరువు రోకలితో చేసే పరీక్ష ఇంకొకటి వుంది. పెద్ద రోడ్లకు అది.

మా డ్రైవరుగారి పరీక్షకు డబ్బా లేదు. గుప్పెడు మట్టి తీసి పిసుకుతారు. ముద్ద కాకపోతే ట్యాంకరును పిలుస్తారు. ముద్దయి చేతికి అంటుకుంటే యంత్రం ఆపేసి చుట్ట తీస్తారు. ముద్దయి, రెండు బొటనవేళ్ళతో విరిస్తే చక్కగా రెండు ముక్కలయితే యంత్రం ఎక్కుతారు. కట్టమీద ఒక మూల రేకులషెడ్డులో రోకలి పరీక్ష చేసే కుర్రవాడి లెక్కకూ, ఈయన గుప్పిటకూ పెద్దగా తేడా వచ్చేది కాదు. వచ్చినప్పుడు మాత్రం ఈయన కుర్రవాడి మాటే వినేవారు. “గుప్పిట ముసలిదవుతోంది గదండీ” అనేవారు.

ఇక్కడ మా శాఖ తరపున ఒక మాట చెప్పుకోనివ్వండి. నేలను కొట్టి గట్టిపరిచే పనిముట్టుకు మనకు ‘దిమ్మిస’ అనే మంచిమాట వుంది. మేడమీద సున్నపు గచ్చు వేసే రోజుల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని, పాట పాడుతూ, పాటకు తగినట్టు దిమ్మిస వేసేవారు. ఆ పాట శ్రమ మరిచిపోవడానికని పుస్తకాల్లో వ్రాస్తాం, క్లాసులో చెబుతాం. రోడ్డింజను చూసిన తరువాత నాకు మరొక అనుమానం కలిగింది. పదిమంది చేతుల్లోని పది దిమ్మిసలు ఒక్కసారి లేచి ఒక్కసారి పడకపోతే పక్కవారి వేలు నలుగుతుంది. ఎప్పుడు చెయ్యి పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో ఆ పాట చెప్పేదేమో! పరిశోధన చేసే పిల్లలు ఎవరైనా ఈ అనుమానం తీరిస్తే సంతోషిస్తాను.

చెరువుకట్టల సంగతికూడా ఇలాంటిదే. కడపజిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర శక సంవత్సరం 1291, అంటే క్రీస్తు శకం 1369 నాటి సంస్కృత శాసనం వుంది. విజయనగర రాజవంశీకుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, వుండకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. అంగాల్లో గట్టి మట్టినేల ఒకటి. కట్టడంలో నేర్పుగల పనివాళ్ళ గుంపు ఒకటి. దోషాల్లో మొట్టమొదటిది ఏమిటనుకున్నారు? కట్టలోనుంచి నీరు ఊరడం. పనికి వెయ్యిమంది కూలీలు, రాతికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టిందని ఆ శాసనమే చెబుతుంది. ఈ సంగతి నేను డ్రైవరుగారికి చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, “రెండేళ్ళు ఇచ్చారన్న మాట! ఆ రాజుగారు మంచివారండీ” అన్నారు. శాసనంమీద నేను విన్న వ్యాఖ్యానాలన్నిటిలోకీ ఇది నాకు నచ్చింది.

ఇక ఆ యంత్రం మర్యాద.

పొద్దున్నే ఎక్కేముందు ఆయన దానిచుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు. దేవాలయంలో చేసినట్టు కళ్ళు మూసుకుని కాదు. వంగి, కింద చూస్తూ. మధ్యాహ్నం అన్నాలవేళ తరువాత ఆ ప్రదక్షిణం మరీ నిదానంగా సాగేది. ఎందుకంటే, కట్టమీద చెట్టులేదు. ఎండలో నీడ ఇచ్చేది ఆ యంత్రమొక్కటే. కూలివాళ్ళు దాని పక్కన తుండుగుడ్డ పరుచుకుని కునుకు తీస్తారు. గుండుకూ చక్రానికీ నడుమ చల్లగా వుంటుందని కుక్కలు దూరతాయి. డ్రైవరు సీటులో కూర్చుంటే గుండుకు ముందు కొంత మేర, వెనక ఇంకా ఎక్కువ మేర కంటికి కనిపించదు. ఆ కనబడని చోటునే మనిషి పడుకుంటాడు. అందుకని ఆయన నీడలో ఎవరినీ పడుకోనిచ్చేవారు కాదు. ఊరికే తరిమితే పోరని, సొంతడబ్బుతో ఒక టార్పాలిను కొని నాలుగు గుంజలమీద పందిరిగా కట్టించారు. అయిదారువందలు అయిందట. ఆ డబ్బు ఆయనకు ఎవరైనా ఇచ్చారా అంటే, మీరే ఊహించుకోండి.

యంత్రం నడుము దగ్గర విరిగే కీలు వుంటుంది. మలుపు తిరిగినప్పుడు ముందుభాగమూ వెనకభాగమూ అక్కడ కత్తెరలాగా దగ్గరకు వస్తాయి. మామూలుగా మనిషి పట్టేంత చోటు వుంటుంది. అదే మోసం. ఇంజను నడుస్తూండగా అక్కడ ఎవరు నిలబడినా ఆయన చేతులు స్టీరింగుమీదనుంచి తీసేసేవారు. సరదాగా పక్కన ఎక్కి నిలబడతామన్న వాళ్ళకు ఎంతటివాళ్ళకైనా ‘కుదరదండి’ అనే ఒక్క మాటే జవాబు. ఒకసారి ఊరిపెద్ద ఒకాయన మనుమణ్ణి ఎత్తుకువచ్చాడు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, అబ్బాయిని సీటులో కూర్చోబెట్టి హారను మోగించనిచ్చారు. నడిపించలేదు. పెద్దమనిషికి కోపమే వచ్చింది.

వాలుమీద నిలువుగా ఎక్కాలి, నిలువుగా దిగాలి, అడ్డంగా పోకూడదు. దిగేటప్పుడు గేరు వదలకూడదు. ఇనుపగుండుకు టైరులాగా నేలను పట్టే గుణం లేదు, తడిరాతిమీద నూనె పోసినట్టు జారుతుంది. రాత్రిపూట చదును నేలమీదనే నిలిపి, ముందూ వెనకా దిమ్మలు వెయ్యాలి. ఇవన్నీ ఆయన చెప్పగా విన్నవి. బెల్టు సంగతి మాత్రం నేనే అడిగాను. రోజూ నడుముకు బెల్టు బిగించుకునేవారు. నడకంత వేగానికి బెల్టెందుకు?

“తలమీద ఈ ఇనుపచట్రం వుంది చూశారా? యంత్రం దొర్లితే మనిషి నలగకుండా దీన్ని పెట్టారు. మనిషి చట్రంలోపల వుంటేనే గదండీ ఇది కాసేది! బెల్టు లేకపోతే బయటికి విసిరేస్తుంది. వెనకటి మూడు చక్రాల బండికి చట్రం లేదు. దానికి బెల్టు కట్టుకుంటే చావేనండి. చట్రం వుంటే కట్టుకోవాలి, లేకపోతే కట్టుకోకూడదు.”

మార్చినెల మొదట్లో తూముదగ్గర పని వచ్చింది. పెద్ద యంత్రం పట్టని ఇరుకు చోట గొట్టానికి అటూ ఇటూ మట్టిని కుక్కడానికి ర్యామరు అని ఒక చిన్న పెట్రోలు యంత్రం వుంటుంది. దాని పిడి పట్టుకుంటే అదే గెంతుతూ నేలను కొడుతూ పోతుంది. పనిచేసే కుర్రవాడు శ్రీకాకుళంవైపునుంచి వచ్చాడు. కాళ్ళకు హవాయి చెప్పులు. ఛాతీలోతు గోతిలో దిగి పొద్దుటినుంచీ కొడుతున్నాడు. మా డ్రైవరుగారు రోడ్డింజను ఆపి, అక్కడికి వెళ్ళి, వాడిని పైకి రమ్మన్నారు. వచ్చాడు. కళ్ళు ఎర్రగా వున్నాయి. తలపోటు అన్నాడు. గోతిలో పెట్రోలు పొగ పైకిపోక అడుగునే నిలుస్తుంది. ఆ పొగలోని విషవాయువుకు వాసనలేదు, రంగులేదు. తలనొప్పే అది ఇచ్చే మొదటి నోటీసు. వాడి చొక్కా బొత్తాము పెట్టుకోమన్నారు. వేళ్ళు తిమ్మిరెక్కి పెట్టుకోలేకపోయాడు. ఆనాటినుంచి ఇద్దరు వంతులు వేసుకుని, ఒకడు గోతిలో వుంటే ఒకడు గట్టుమీద చూస్తూ, గడియగడియకూ ఆపుతూ పనిచేశారు. బూట్లు మాత్రం వారం తరువాతగాని రాలేదు. వచ్చినవి కూడా ఒక్క జతే.

ఇంతకూ నేను చెప్పదలచింది అంచు సంగతి.

గుప్పిటిలో పిండి నొక్కితే ముద్దవుతుంది. అరిచేతిలో పెట్టి మరొక అరిచేత్తో నొక్కితే పక్కలకు పోతుంది. కట్ట నడిమి మట్టికి అన్నివైపులా మట్టే వుంది కనుక గుప్పిటిలో వున్నట్టు దట్టిస్తుంది. అంచుమట్టికి ఒక పక్కన వున్నది గాలి. దానిమీద బరువు పెడితే గట్టిపడదు, ఆ పక్కకు జారుతుంది. పైన వున్న యంత్రంకూడా దానితోపాటే. అందుకని, పని తెలిసినవాళ్ళు కావలసిన వెడల్పుకంటె మూరెడో అంతకు కొంచెం ఎక్కువో మట్టి అదనంగా పోసి, యంత్రాన్ని ఆ అదనపు అంచుకు దూరంగా నడిపి, అసలు అంచు గట్టిపడిన తరువాత మిగులు మట్టిని కోసేస్తారు. రోడ్ల నిబంధనల్లోనే ఇది వుంది. కాని ఆ మూరెడు మట్టికి బిల్లు రాదు. కొలతల పుస్తకంలో ఎక్కేది మేకులదాకానే. టిప్పరు కిరాయి, డీజిలు, కోసేసే కూలి, అన్నీ కంట్రాక్టరు నెత్తిమీదనే. కనుక చాలా చోట్ల ఆ మూర పొయ్యరు. పొయ్యని మూరమీద ఎవరు నడుస్తారంటే, డ్రైవరు నడుస్తాడు.

ఆ ఏడు మార్చినెల నడిమిలో రాష్ట్రంలో అకాలవర్షాలు పడ్డాయి, మీకు జ్ఞాపకం వుండే వుంటుంది. ఒక సాయంకాలం మబ్బు కమ్ముకొస్తోంది. కట్ట పైపొరలు వేస్తున్నారు. నేను వెళ్ళేసరికి యంత్రం ఆగివుంది. సూపర్‌వైజరు కేకలు వేస్తున్నాడు.

“అంచుదాకా తొక్కించెయ్, పెద్దాయనా! వాన పడితే ఇదంతా బురదే.”

“మట్టి మేకులదాకానే పోశారు బాబూ. ఇంకొక మూర పోయించండి, మేకుదాకా తొక్కుతాను. అంతవరకూ గుండు సగం వెడల్పు ఇవతలే వుంటాను.”

“కోసి పారేసే మట్టికి నీ జీతంలోంచి ఇస్తావా?”

డ్రైవరుగారు మాట్లాడలేదు. సూపర్‌వైజరు చెడ్డవాడని నేననను. అతనికి పైనుంచి ఫోనుమీద ఫోను వస్తోంది. అటూ ఇటూ చూసి, యంత్రం పక్కన నిలబడ్డ హెల్పరు కుర్రవాణ్ణి పిలిచాడు. “నువ్వెక్కరా. ఇవాళ్టినుంచి నీకు డ్రైవరు జీతం.”

ఆ హెల్పరు నాకు తెలిసినవాడే. రెండేళ్ళక్రితం మా కాలేజీలోనే బి.ఏ. చదువుతూ, తండ్రికి జబ్బుచేసి రెండవ సంవత్సరంలో మానేశాడు. చేతివ్రాత ముత్యాలకోవలాగా వుండేది. వాడు నాకేసి చూశాడు. తెలియని ప్రశ్న అడిగినప్పుడు క్లాసులో చూసే చూపే అది. డ్రైవరు జీతం అంటే వాడి ఇంట్లో మందులు. వాడు కడ్డీ పట్టుకుని మెట్టుమీద కాలు పెట్టాడు. నా గొంతు తడి ఆరిపోయింది. నేను ఏమనగలను? ఆ కట్టమీద నాకు అధికారం ఏముంది?

డ్రైవరుగారు కోప్పడలేదు. జేబుమీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. తాళంచెవి అందులో వుంది.

“ఒరే అబ్బాయ్, జీతం పెంచుతానన్నవారు నిన్ను నడిమిన తొక్కమనటం లేదు, చూశావా?”

వాడు కాలు కిందికి దించాడు. “బాబాయ్ చెప్పినట్టే వింటానండి” అన్నాడు సూపర్‌వైజరుతో, నేల చూస్తూ. చినుకులు మొదలయ్యాయి. అందరమూ టార్పాలిను పందిరికిందికి పరుగెత్తాం. సూపర్‌వైజరు కూడా అక్కడికే వచ్చాడు, వేరే చోటు లేదు గనుక.

వాన వెలిసేదాకా ఎవరూ మాట్లాడలేదు. తరువాత టీకొట్టు దగ్గర ఆయన నాతో తన గురువుగారి సంగతి చెప్పారు. చాలా ఏళ్ళక్రితం కాలవగట్టుమీద మూడు చక్రాల రోడ్డింజను నడుపుతూంటే అంచు కూలింది. ఈయన అప్పుడు క్లీనరు. పది గజాల దూరంలో నీళ్ళడబ్బాతో నిలబడి వున్నారు. “నడకంత వేగంతోనే వాలిందండి. దూకడానికి వ్యవధి వుంది. దూకారు కూడా. ఏ పక్కకు వాలుతోందో ఆ పక్కకే దూకారు. మనిషికి ఆ క్షణంలో అటే తోస్తుందట.” ఆ తరువాత జరిగింది ఆయన చెప్పలేదు. టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి గట్టి వానే కురిసింది. పొద్దునకు ఆ అంచు జారిపోయిందని వ్రాస్తే ఈ వ్యాసం రక్తికడుతుంది. కాని జారలేదు. ఎక్కడిది అక్కడే వుంది. సూపర్‌వైజరు దాన్ని పదిమందికీ చూపించి, పెద్దాయన పిరికితనంవల్ల ఒక పూట పాడయిందన్నాడు. రెండు రోజులు పనిలోకి రావద్దన్నారు. నేను బాధపడుతూ వెళ్ళి పలకరిస్తే, “జారకపోతే మంచిదే గదండీ” అన్నారు, ఇంటి అరుగుమీద కళ్ళజోడు తాడు ముడివేసుకుంటూ.

మూడవనాడు ప్రభుత్వశాఖ తరపున ఇంజనీరమ్మ ఒకావిడ పరీక్షకు వచ్చింది. చిన్న వయస్సు. కట్టమీద అక్కడక్కడ చిన్న గుంట తీయించి, తీసిన మట్టిని తూచి, ఆ గుంటలో సన్న ఇసుక పోసి, పట్టిన ఇసుకనుబట్టి గుంట పరిమాణం లెక్కగట్టింది. ప్రయోగశాలలో దట్టించిన మట్టి సాంద్రతలో కట్టమట్టికి నూటికి 95 వంతులన్నా రావాలి. నడిమిన వచ్చింది. అంచుదగ్గర రాలేదు. ఆవిడ అంచుపొడుగునా సుద్దగీత గీయించి, ఆ వదులుమట్టి తీసేసి, పాతకట్టను మెట్లు మెట్లుగా కోసి, అదనపు వెడల్పుతో మళ్ళీ పొరలు పోయమన్నది. మళ్ళీ ఎవరూ జీతాల ప్రసక్తి తేలేదు. టిప్పర్లు వచ్చాయి. మేకులు దాటి మూరన్నర పోశారు. మా డ్రైవరుగారు బెల్టు బిగించుకుని, మేకులమీదుగా తాపీగా తొక్కించారు. ఆవిడ అడిగిన 95 కోసమే ఆ మట్టి వచ్చింది. డ్రైవరు కోసం రాలేదు. ఎందుకోసం వస్తేనేం, వచ్చింది గదా అని నేను సంతోషించాను. ఆ రెండు రోజుల కూలి మాత్రం ఆయనకు ముట్టలేదు.

ఏప్రిల్‌లో కట్టపని ముగిసి, యంత్రాన్ని వేరే ఊరు తీసుకుపోవడానికి పొడుగాటి ట్రైలరు వచ్చింది. చదునుమీద ట్రైలరుదాకా హెల్పరు అబ్బాయే నడుపుకొచ్చాడు, ముత్యాలకోవ వ్రాసిన చేతులతో. అక్కడ దిగి సీటు ఇచ్చేశాడు. ట్రైలరు ఎక్కించడం అన్నిటికంటె కష్టమట. ఇనుపమెట్టమీద ఇనుపగుండు. మెట్టలకు అంటిన మట్టినంతా గోకించి, చెక్కలు పరిపించి, గుండును గుడ్డపెట్టి తుడిపించారు. సైగ చెయ్యడానికి ఒక్కణ్ణే, ఆ అబ్బాయినే, తనకు కనబడేచోట దూరంగా నిలబెట్టారు. మిగతావాళ్ళు ఎవరూ చెయ్యి ఊపకూడదన్నారు. పరీక్ష వ్రాసి బయటికొచ్చిన మా పిల్లలు ముప్ఫైమంది దాకా సెల్‌ఫోన్లు పట్టుకుని వెనక గుమిగూడారు. డ్రైవరుగారు ఒకసారి తల తిప్పి చూసి, ఇంజను ఆపేశారు.

“మాస్టారూ, మీ పిల్లల్ని కాస్త ఆ వేపచెట్టుదాకా తోలుకుపోండి.”

పిలిచి, బతిమాలి, ఇద్దరిని భుజాలు పట్టుకు లాగి, అందర్నీ వేపచెట్టు దాటించాను. ఆయన అక్కడినుంచే లెక్కపెడుతున్నట్టు చూశారు. “మీరుకూడానండీ” అన్నారు. నేనుకూడా వెళ్ళాను. అప్పుడు ఇంజను మోగింది.